ఎండలో పెట్టిన సీసా

"ఎన్ని గారెలు తిన్నావురా?"

తమ్ముణ్ణి ఆటోలోంచి ఇద్దరు మనుషులు రెండు రెక్కలూ పట్టుకుని దింపుతుంటే అమృతవల్లి అడిగిన మొదటి మాట అది. ఏమైందని అడగలేదు. మంచినీళ్ళు కావాలా అనీ అడగలేదు. వాకిట్లో నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి గారెల లెక్క అడిగింది.

బాలగంగాధరం జవాబు చెప్పే స్థితిలో లేడు. నాలుక పిడచకట్టుకుపోయింది. వీధరుగు మీద కూలబడి, నీళ్ళు కావాలని చేత్తో సైగ చేశాడు. ఎండ పెళపెళలాడుతోంది. రెండువేల మూడు మే నెలలో అమలాపురంలో కాకులు కూడా మధ్యాహ్నం పూట నోరు తెరుచుకుని నీడన కూర్చున్నాయి.

"పంతులుగారు విస్తరి ముందరే ఒరిగిపోయేరండి," అన్నాడు ఆటో బాబ్జీ. "అన్నం కలుపుతూ కలుపుతూనే పక్కకి పడిపోయేరంట. ఆ ఇంటివాళ్ళు మా చెడ్డ బాధపడుతున్నారండి అమ్మగారూ."

"మావాడి గురించేనా?"

బాబ్జీ బుర్ర గోక్కున్నాడు. "తద్దినం గురించండి. ఆయ్."

అమృతవల్లి ముక్కు విరిచింది. తద్దినంలో భోక్తగా కూర్చున్నవాడు ఆ పూటకి ఆ ఇంటి పితృదేవత. వాడు కడుపునిండా తిని, తృప్తి కలిగిందని తన నోటితో అనాలి. అప్పుడే పెట్టినవాడికి ఫలం. ఆ మాట అనకుండా విస్తరి పక్కన వాలిపోయిన భోక్తని ఇంకోసారి ఎవరు పిలుస్తారు? ఇప్పటికే ఊళ్ళో పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. తగ్గిపోవడానికి సగం కారణం అమృతవల్లి నోరే. 'మావాడికి ఆ గారెలూ పరమాన్నాలూ తిని తినే షుగరొచ్చిందమ్మా' అని నాలుగేళ్ళుగా వీధి వీధంతా చాటుతూనే ఉంది.

తిని తిని తెచ్చుకున్న రోగమైతే తిన్నదంతా ఎటుపోయిందో మాత్రం ఆవిడ ఎన్నడూ ఆలోచించలేదు. నలభైనాలుగేళ్ళ మగవాడు చంకలో పట్టే బొంతలా తయారయ్యాడు. మెడ కింద గుంటల్లో గిద్దెడు నీళ్ళు నిలుస్తాయి. అమృతవల్లికి అదంతా దొంగతిండి మహిమ.

"రెండో గారె ముట్టలేదక్కయ్యా," అన్నాడు బాలగంగాధరం, చెంబెడు నీళ్ళూ గడగడా తాగేసి. "ఒట్టు."

"ఒట్లు పెట్టకు. నిన్నెత్తుకుని పెంచినదాన్ని. అమ్మ పోయేనాటికి నీకు మూడేళ్ళు. బెల్లంముక్క దొంగిలించి పరుపు కింద దాచిన వెధవ్వి. ఆ బుద్ధి ఎక్కడికి పోతుందీ?"

బాలగంగాధరం కళ్ళు మూసుకున్నాడు. వేదం కడముట్టా చదివినవాడు, పదిమందిలో నోరు విప్పితే రాళ్ళు కూడా వింటాయనిపించుకున్నవాడు, అక్కయ్య ముందు మాత్రం ఆ బెల్లంముక్క దగ్గరే ఆగిపోయాడు.

బాబ్జీ మళ్ళీ వెళ్ళి సబ్‌ట్రెజరీ ఆఫీసు నుంచి అతని భార్య పార్వతిని తీసుకొచ్చాడు. ఆవిడ ఆటో దిగుతూనే మొగుడి నుదురు తాకి చూసింది. ఊపిరి వాసన చూసింది. చెప్పులు కూడా విడవలేదు.

"డాక్టరుగారి దగ్గరికి పదండి. బాబ్జీ, ఆటో ఆపకు."

"చెప్పులతో అరుగెక్కేవు," అంది అమృతవల్లి.

"ఎక్కేను వదినగారూ. దిగేస్తున్నాను కూడా." పార్వతి గొంతులో తడి లేదు. "మీరు రాకపోయినా ఫరవాలేదు."

ఆ మాటకే అమృతవల్లి తలుపు గొళ్ళెం పెట్టి ఆటో ఎక్కింది. తమ్ముడూ తనవాడే, తమ్ముడి రోగమూ తనదే. ఈ గుమాస్తా మనిషికి వదిలేస్తుందా?

*

గతుకుల్లో ఆటో ఎగిరెగిరి పడుతుంటే అమృతవల్లికి ఒక సంగతి గుర్తొచ్చింది. సీసా ఇంకా నూతి దగ్గర రేకుల కిందే ఉంది.

ఇన్సులిన్ సీసా ఇంట్లో అడుగుపెట్టిన రోజున జరిగిన రభస చిన్నదా? ఉగాది వెళ్ళాక డాక్టరమ్మ మాత్రలు మాన్పించి సూది మందు రాసింది. మందు ఫ్రిజ్‌లో పెట్టాలంది. ఆ ఫ్రిజ్‌లో దేవుడి నైవేద్యానికి పాలుంటాయి. అమృతవల్లి మడి పెరుగుంటుంది. అసలా ఫ్రిజ్‌నే పసుపు నీళ్ళు చల్లి, మూడు రోజులు ఖాళీగా ఉంచి, ఆ తరవాత గానీ ఆవిడ ముట్టుకోలేదు. అలాంటిదాంట్లోకి పంది నుంచి తీసిన మందా? మందుల షాపు కుర్రాడెవడో చెప్పాడు పంది నుంచి తీస్తారని. ఇప్పుడలా తియ్యరండీ, సూక్ష్మజీవుల చేత తయారుచేయిస్తున్నారు అని డాక్టరమ్మ చెప్పించింది. పందైతేనేం పురుగైతేనేం అంది అమృతవల్లి.

ఆరోజు బాలగంగాధరం జన్మలో మొదటిసారి గొంతు పెంచాడు. "సీసా అందులోనే ఉంటుందక్కయ్యా" అన్నాడు.

నోటితో గెలవలేనిచోట చేత్తో గెలవడం ఆవిడకి తెలుసు. పార్వతి ఆఫీసుకి వెళ్ళడం, అమృతవల్లి అరటాకు ముక్కతో సీసా పట్టుకుని పెరట్లోకి వెళ్ళడం. నూతి పక్కన స్నానాల గదికి రేకుల కప్పుంది. గోడకీ రేకుకీ మధ్య, ఎండ సూటిగా పడేచోట, వడియాలు ఎండబెట్టుకునే గూడు. అక్కడ పెట్టి, తలారా నీళ్ళు పోసుకుని, మడి కట్టుకుని వంటింట్లోకి వచ్చేది. సాయంత్రం పార్వతి వచ్చే వేళకి సీసా మళ్ళీ ఫ్రిజ్‌లో చల్లగా కూర్చునేది. మైల వస్తువు ఎండ తగిలితే శుద్ధి అవుతుంది. ఆవకాయకి ఎండ మంచిదైతే మందుకి చెడ్డదా? ఆవిడ లెక్క అది.

ఇవాళ ఈ గొడవలో తీసి లోపల పెట్టడం కుదరలేదు. పార్వతి చూడకుండా ఎలా పెట్టాలా అన్నదే ఆ ఆటోలో ఆవిడ బెంగ. తమ్ముడి తల పార్వతి భుజం మీద వేలాడుతోంది.

*

డాక్టర్ కుసుమ బండార్లంక పిల్ల. నాన్న మగ్గం మీద నేసి చదివించాడు. 'మగ్గం గుంటలో ఆడుకున్న పిల్లకి వైద్యం ఏం తెలుస్తుంది' అని అమృతవల్లి మొదటి రోజే తేల్చేసింది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ ఒంటి మీదున్న చీర ఆ మగ్గం మీద నేసిందే. చీర బావుంటుంది, మన్నుతుంది. మనుషులే ఆవిడకి పనికిరారు.

వేలు మీద సూదితో గుచ్చి చూస్తే షుగరు నాలుగొందలు దాటింది. కుసుమ సెలైన్ పెట్టించింది. సగం సీసా ఎక్కేసరికి బాలగంగాధరం కళ్ళు తెరిచి, డాక్టరుకి నమస్కారం పెట్టబోయాడు.

"పడుకోండి పంతులుగారూ. హైదరాబాదు పంపించిన రక్తం సంగతి తెలిసిందండి. పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేరు. నేను అనుమానపడ్డదే."

"ఏమంటారమ్మా?"

"మీది అందరూ అనుకున్న షుగర్ కాదండి." కుసుమ స్టూలు లాక్కుని కూర్చుంది. "నలభై దాటినవాళ్ళకి వస్తే టైప్ టూ అని రాసేస్తాం. నూటికి తొంభైమందికి అదే. మిగిలినవాళ్ళలో మీరున్నారు. మీ రక్తంలో జీఏడీ యాంటీబాడీలని ఉన్నాయండి. ఉండకూడనివి. చాలా ఎక్కువున్నాయి."

"అవేం చేస్తాయండీ?" అంది పార్వతి.

"రోగాల మీదకి పోవలసిన కాపలా సొంత ఒంటి మీదకే పోయిందండి. ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని అదే చంపేస్తోంది. చిన్నపిల్లలకైతే నెలల్లో అయిపోతుంది. పెద్దవాళ్ళలో మెల్లిగా, ఏళ్ళు పడుతుంది. అందుకే మొదట్లో మాత్రలకి తగ్గినట్టే కనిపించింది. అందరూ పొరబడ్డారు."

"కుక్కని కాపలాకి పెట్టుకుంటే అది మన దూడనే కరిచిందన్నమాట," అన్నాడు బాలగంగాధరం నెమ్మదిగా.

"ఆయ్. అంతేనండి."

పాత డాక్టరు నాలుగేళ్ళ పాటు మాత్రలు పెంచుకుంటూ పోయాడు. ఎదురుగా కూర్చున్న మనిషి ఏటికేడాదీ ఎండిపోతున్నాడే అని ఒక్కసారి తలెత్తి చూసిన పాపాన పోలేదు. తిండి తగ్గించమన్నాడు, నడవమన్నాడు. మిగిలిన ధర్మోపదేశం అమృతవల్లి చేసింది. ఒంటిపూట భోజనం పెట్టింది, కాకరకాయ రసం పట్టింది, ఏకాదశి ఉపవాసాలు ఉంచింది. ఇద్దరూ కలిసి ఆకలితో ఉన్నవాడికి ఆకలిని మందుగా పోశారు.

"అయితే డాక్టరుగారూ," పార్వతి ఒకడుగు ముందుకు వేసింది, "తిండి వల్ల వచ్చింది కాదా ఇది?"

"కాదండి. గారెలు తిన్నా వచ్చేది, తినకపోయినా వచ్చేది. ఈయన తప్పేం లేదు."

పార్వతి వదినగారి వైపు తిరిగింది. ఆ చూపుకే అమృతవల్లికి ఒళ్ళు మండింది.

"ఆ హైదరాబాదులో ఎవరి రక్తం ఎవరిదో!" అంది. "మా వంశంలో షుగరన్నదే లేదు. ఇప్పుడు కొత్తగా ఒంటిదే తప్పంటే, నోటిది కాదంటే నమ్మేస్తామా?"

"మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందాండీ? మెడ దగ్గర వాపులాంటిది? ఇదీ అదీ ఒక్క కుటుంబంలో కనిపిస్తుంటాయి."

"మా అమ్మకి గొంతు దగ్గర ఇంత లావున ఉండేదమ్మా," అన్నాడు బాలగంగాధరం. "అక్కయ్య చెప్పింది నాకు."

అమృతవల్లి మూతి ముడిచి సీలింగు ఫ్యాను వైపు చూసింది. వంశం పేరెత్తినందుకు వంశమే ఎదురుతిరిగింది.

కుసుమ పాత చీటీలు తిరగేసింది. "నాకు అర్థంకానిదల్లా ఒక్కటేనండి. ఇలాంటివాళ్ళకి ఇన్సులిన్ పడితే షుగరు దిగితీరాలి. మీకు రెండుసార్లు మోతాదు పెంచేను. చుక్క దిగలేదు. మందు ఎక్కడ పెడుతున్నారమ్మా?"

"ఫ్రిజ్‌లోనేనండి," అంది పార్వతి. "పొద్దున్నా సాయంత్రం నేనే తీస్తాను. సీసా చల్లగానే ఉంటుంది."

"కరెంటు పోతోందా?"

"ఒక గంట పోతుందండి."

"దానికేం కాదు. వేడి తగలకుండా చూడాలి, అంతే. ఎండ తగిలితే మాత్రం అది ఇంక నీళ్ళ కింద లెక్క."

ఫ్యాను తిరుగుతోంది. అమృతవల్లి దాని రెక్కల్నే చూస్తోంది. చెప్పాలంటే ఒక్క ముక్క. చెబితే ఈ మగ్గం పిల్ల నవ్వుతుంది. పార్వతి నవ్వదు, అంతకంటే ఘోరంగా చూస్తుంది. రేపో మాపో ఏ పెద్ద డాక్టరుకో చూపిస్తారు కదా, ఆయన ఎలాగూ అన్నీ కొత్తగా మొదలెడతాడు కదా అనుకుంది. ఇవాళ చెప్పకపోతే కొంప మునుగుతుందా అనుకుంది.

"మందుకి కూడా ఒళ్ళు ఎదురుతిరుగుతోందేమో," అంది కుసుమ. "రేపు పొద్దున్నే కాకినాడ వెళ్ళిపోండి, నేను ఫోన్ చేసి చెబుతాను. ఇప్పుడు కొత్త సీసాలోంచి రెట్టింపు మోతాదు వేస్తాను. ఇక్కడే నా ఎదురుగా ఉండండి."

"ఇక్కడ వద్దమ్మా," అన్నాడు బాలగంగాధరం. "భోక్తగా కూర్చున్న ఒళ్ళు. స్నానం చేసి ఇంట్లో వేయించుకుంటాను."

"పంతులుగారూ, ఇది ఆటలు కాదండి."

"తెలుసమ్మా. కానీ వాళ్ళ పితరుల పేరు చెప్పుకుని తిన్నాను. సగమైనా తిన్నాను."

అరగంట వాదించింది కుసుమ. అతను నవ్వుతూ, చేతులు జోడిస్తూ, ఒక్క మెట్టు దిగలేదు. అంత మెత్తటి మనిషికి అంత మొండితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ గదిలో అమృతవల్లికి తప్ప ఎవరికీ తెలియదు. చివరికి కుసుమ ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో కొత్త సీసా పెట్టి పార్వతి చేతికిచ్చింది.

"జాగ్రత్తగా వినండి. ఇలా బక్కచిక్కిన మనిషికి ఇంత మందు వెయ్యకూడదండి, పడిపోతాడు. ఇదివరకటి మందు ఈయనకి ఎక్కట్లేదు కాబట్టే ఇస్తున్నాను. వేసిన అరగంటకి అన్నం పెట్టెయ్యాలి. చెమటలు పట్టినా, వణుకొచ్చినా, మాట తడబడినా వెంటనే పంచదార నీళ్ళు పట్టించి నాకు ఫోన్ చెయ్యండి."

అమృతవల్లి ఫక్కుమని నవ్వింది. "షుగరు జబ్బువాడికి పంచదార పొయ్యాలా! బావుంది సంబడం. నాలుగేళ్ళు పంచదార డబ్బా మీద కాపలా కాసింది ఇందుకా?"

"షుగరు ఎక్కువైతే మనిషి ప్రాణం తియ్యడానికి ఏళ్ళు పడుతుందండి," అంది కుసుమ, నవ్వకుండా. "మరీ తగ్గిపోతే ఒక్క గంట చాలు."

*

ఆ మాట ఇంటికొచ్చేదాకా అమృతవల్లి వెంటే వచ్చింది. ఇదివరకటి మందు ఎక్కట్లేదు కాబట్టే ఇస్తున్నాను. ఎక్కకేం? మందే లేకపోతే ఏం ఎక్కుతుంది?

సాయంత్రమైంది. బాలగంగాధరం నూతి దగ్గర స్నానం చేస్తున్నాడు. పార్వతి మంచం మీద దూదీ, స్పిరిటూ, సూదీ సర్దుకుంటోంది.

"ఇవాళ వద్దులే పార్వతీ," అంది అమృతవల్లి గుమ్మంలో నిలబడి. "ఎలాగూ రేపు కాకినాడ వెళ్తున్నారుగా. అక్కడే వేయించుకుంటాడు."

పార్వతి తలెత్తకుండా దూది చింపుతోంది.

"పోనీ సగం వెయ్యి."

"డాక్టరు మీరా, ఆవిడా?"

"పెద్దదాన్ని చెబుతున్నాను."

"చెబుతూనే ఉన్నారు వదినగారూ." పార్వతి అప్పుడు చూసింది. "పంది అన్నారు. పురుగన్నారు. మంగళవారం సూది గుచ్చకూడదన్నారు. అమావాస్యన్నారు. మీ తమ్ముడు దొంగతిండి తింటున్నాడని నా ఆఫీసులో ప్యూనుకి కూడా తెలుసు. నాలుగేళ్ళు విన్నాను. ఆవిడేమంది ఇవాళ? ఈయన తప్పేం లేదంది. ఆ ఒక్క మాట మీ నోటివెంట వస్తుందేమోనని ఆటోలో దారి పొడుగునా చూశాను. రాలేదు. ఇంక మీ మాట ఈ ఇంట్లో చెల్లదు."

అప్పుడైనా చెప్పాలి. అమృతవల్లి నోరు తెరిచింది. పార్వతి కళ్ళలోకి చూసి, మళ్ళీ మూసింది. ఈ మనిషి ముందు తల వంచడమా? ప్రాణం పోయినా సరే అనుకుంది. ఎవరి ప్రాణమో మాత్రం ఆ క్షణాన తట్టలేదు.

పెరట్లోకి వెళ్ళింది. బాలగంగాధరం స్నానం ముగించి లోపలికి వెళ్ళిపోయాడు. రేకుల కింద చెయ్యి పెట్టి సీసా తీసింది. అరటాకు మరిచిపోయింది. సీసా కాఫీ గ్లాసులా కాలుతోంది. పడమటి వెలుగుకి ఎత్తి చూసింది. రోజూ తెల్లగా ఉండే మందు విరిగిన పాలలాగ అట్టలు కట్టి గాజుకి అంటుకుంది. కింద తేటనీళ్ళున్నాయి. ఊపింది. కలవలేదు.

డాక్టర్ల భాష ఆవిడకి ఎక్కదు గానీ, విరిగిన పాలని నిమిషం చూడక్కర్లేదు. ఇన్నాళ్ళూ తమ్ముడి ఒంట్లోకి పొడిచింది ఈ విరుగుడు. మోతాదు మీద మోతాదు పెంచింది ఈ విరుగుడుకి. సీసా అక్కడే పెట్టి వంటింట్లోకి పరుగులాంటి నడకతో వచ్చింది.

"పార్వతీ, మందు వెయ్యకు."

"వేసేశాను. మీరు పెరట్లోకి వెళ్ళగానే."

"మొత్తమా?"

"మొత్తం." పార్వతి విస్తరి ముందు నిలబడి ఉంది. విస్తట్లో వడ్డించిన అన్నం వడ్డించినట్టే ఉంది. "ఈయన తిననంటున్నారు. భోక్తగా కూర్చున్న రోజు రెండోపూట భోజనం పనికిరాదుట. జపం అయ్యాక పాలు తాగుతారుట. మీరైనా చెప్పండి. మీరు నేర్పిన నిష్ఠే కదా."

బాలగంగాధరం దేవుడి గదిలో పీట మీద కూర్చుని సంధ్య వార్చుకుంటున్నాడు. అమృతవల్లి గుమ్మం బయట స్తంభానికి ఆనుకుని కూలబడింది. డాక్టర్లు పదింతలు చేసి బెదిరిస్తారు అనుకుంది. ఏమీ కాదు అనుకుంది. ఏమీ కాకపోతే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. ఇంత జరిగినా ఆవిడ లెక్క అదే. ఆ లెక్క మీద ఆవిడకే అసహ్యం వేసింది. అయినా స్తంభం దగ్గరి నుంచి లేవలేదు.

సంధ్య అయింది. రోజూ వల్లించుకునే వేదభాగం ఎత్తుకున్నాడు. నీరసంగా ఉన్నా స్వరం స్వరంగానే పలుకుతోంది. అమృతవల్లి కళ్ళు మూసుకుని వింది. ఈ భాగం నేర్చుకునేటప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. అరుగు మీద వాడు వల్లిస్తుంటే తను బియ్యం ఏరుతూ వినేది. అర్థం తెలియకపోయినా ఎక్కడ గొంతు లేవాలో ఎక్కడ దిగాలో ఆవిడ చెవికి తెలుసు.

ఒకచోట గొంతు లేవవలసింది దిగింది.

ఆవిడ చటుక్కున కళ్ళు తెరిచింది. చదువు కూడా మరిచిపోతున్నాడు వెధవ అని అలవాటు చొప్పున తిట్టుకుంది. అతను ఆగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ అక్కడే తప్పాడు. మూడోసారి మాట మధ్యలో ఇంకెక్కడిదో మాట వచ్చి పడింది. ముప్ఫై ఆరేళ్ళలో నిద్రలో కూడా తప్పనివాడు.

మాట తడబడినా, అంది డాక్టరమ్మ.

"పార్వతీ!" ఆ కేకకి వీధిలో పోయేవాళ్ళు ఆగారు. "పాత మందు పాడైపోయింది. నేనే పాడుచేశాను. నువ్వు ఆఫీసుకి వెళ్ళగానే సీసా తీసి రేకుల కింద ఎండలో పెట్టేదాన్ని. రోజూనూ. నువ్వు వచ్చేలోపు మళ్ళీ లోపల పెట్టేసేదాన్ని. వాడికి ఇన్నాళ్ళూ మందే పడలేదు పార్వతీ. ఇవాళే పడింది."

పార్వతి గుమ్మంలోకి వచ్చింది. తిట్టలేదు. జుట్టు పట్టుకుని లాగినా బావుండేది. చెప్పు కింద పడిన దాన్ని చూసినట్టు చూసింది. ఇన్నేళ్ళూ అమృతవల్లి అందరినీ ఎలా చూసిందో సరిగ్గా అలాగే.

"పంచదార నీళ్ళు పట్టండి," అంది. ఇంకో మాట లేకుండా ఫోన్ కోసం పక్కింటికి పరుగెత్తింది.

అమృతవల్లి వంటింట్లోకి వెళ్ళింది. పంచదార సగం నేల మీద పోసింది, సగం నీళ్ళ గ్లాసులో పోసింది. మడి లేదు, మైల లేదు, పెరట్లో సీసా ముట్టిన చేతులు కడుక్కోనూ లేదు. తమ్ముడి పక్కన పీట మీదకి ఎక్కి కూర్చుంది. అతని ఒళ్ళు నూతిలోంచి అప్పుడే తీసినట్టు తడిసిపోయింది. చేతులు ఒకటే వణుకు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఆవిణ్ణి చూడ్డం లేదు.

"బాలుడూ, తాగరా." గ్లాసు పెదవులకి ఆనించింది. "తాగు నాన్నా."

నాలుకకి తీపి తగిలింది. అతను ఉలిక్కిపడి మొహం పక్కకి తిప్పుకున్నాడు. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు, చిన్నపిల్లవాడిలా.

"వద్దక్కయ్యా," అన్నాడు ముద్దముద్దగా. "నేను తినలేదు. నువ్వు తిడతావు."

"తిట్టనురా. ఒట్టు, తిట్టను. నోరు తెరువు."

అతను పళ్ళు బిగించుకున్నాడు.